టిల్లర్ ఎన్నిసార్లు తిప్పాలి?

పెరట్లో ఐదు సెంట్ల జాగా ఉన్నవాళ్లు కూడా ఇప్పుడు పార పట్టడం మానేశారు. గంటకింత అని మాట్లాడుకుని మినీ టిల్లర్ తెప్పించుకుంటున్నారు, లేదంటే కొనేస్తున్నారు. రెండు నుంచి ఏడు హార్స్‌పవర్ దాకా ఉండే ఈ చిన్న యంత్రాన్ని దుకాణాల్లో పవర్ వీడర్ అని కూడా అంటారు. ఎకరాల్లో సేద్యం చేసేవాళ్లకు ఎనిమిది నుంచి పదిహేను హార్స్‌పవర్ల పవర్ టిల్లర్ ఉంది. అంతకు మించితే ట్రాక్టరు వెనక రోటవేటర్. మూడూ పనిచేసే తీరు ఒకటే. అడ్డంగా ఉన్న ఇరుసు మీద వంపు తిరిగిన కత్తులు గిర్రున తిరిగి మట్టిని చెక్కుతాయి, వెనకున్న రేకు మూతకు విసిరికొట్టి పొడి చేస్తాయి. నాగలితో నాలుగైదు సాళ్లు దున్నితే వచ్చే మెత్తదనం ఒక్క తిప్పుడుకే వచ్చేస్తుంది. అందుకే దీని గురించి మనకు దొరికే రాతలూ వీడియోలూ అన్నీ ఏ కంపెనీది కొనాలి, సబ్సిడీ ఎంత, గంటకు ఎంత నూనె తాగుతుంది అన్న దగ్గరే ఆగిపోతాయి. ఎన్నిసార్లు తిప్పాలి, ఎప్పుడు తిప్పకూడదు అన్నది ఎవరూ అడగరు. నిజానికి నేల బాగోగులు తేలేది అక్కడే.

అసలు ఎందుకు దున్నుతామంటే రైతు నాలుగు కారణాలు చెబుతాడు. విత్తనం పడటానికి నేల గుల్లగా ఉండాలి, కలుపు చావాలి, వాననీరు ఇంకాలి, ఎరువు మట్టిలో కలవాలి. నాలుగూ నిజమే. కాకపోతే ఒక్కోదానికి కావలసిన లోతు వేరు, కాలం వేరు, మెత్తదనం వేరు. విత్తనం చుట్టూ రెండు మూడు అంగుళాల మెత్తటి మన్ను చాలు. నీరు ఇంకాలంటే పైన పెళ్లలు మిగలాలి. కలుపు వేళ్లు ఎండాలంటే మండుటెండ కావాలి. పశువుల ఎరువు కలపడానికి నాలుగంగుళాల లోతు మించనక్కర్లేదు. పాత పనిముట్లు ఈ తేడాలను ఎరిగి పుట్టినవి. నేలను విప్పడానికి నాగలి, రాయలసీమలో అయితే మడక. విత్తడానికి గొర్రు. సాళ్ల మధ్య సేద్యానికి దంతె. ఇక గుంటక సంగతి వేరే చెప్పుకోవాలి. దాని బద్ద నేలకు రెండు మూడు అంగుళాల కింద పాకుతూ కలుపు వేళ్లను కోస్తుంది, మట్టిని తిరగెయ్యదు. పై మన్ను పైనే ఉంటుంది, కింది తడి కిందే ఉంటుంది. 1930లలో ఉత్తర అమెరికా మైదానాల్లో దున్నిన నేల దుమ్ముగా లేచిపోతుంటే కెనడాలోని అల్బర్టాలో చార్లెస్ నోబుల్ అనే రైతు కొయ్యకాళ్లను కదపకుండా నేల కింద కలుపును కోసే బ్లేడు ఒకటి తయారు చేశాడు. నోబుల్ బ్లేడు అని పేరుపడిన ఆ పనిముట్టు చేసేది దక్కన్‌లో ఎడ్లు లాగిన గుంటక పనే. టిల్లర్ వచ్చాక మన దగ్గర అటకెక్కినవాటిలో మొదటిది గుంటకే కావడం నాకు అన్నిటికంటే పెద్ద నష్టంగా తోస్తుంది.

తిరిగే కత్తుల యంత్రానికి ఒక్కడే తండ్రి లేడు. స్విట్జర్లాండులో కొన్‌రాడ్ ఫాన్ మేయెన్‌బుర్గ్ 1910 ప్రాంతంలోనే ఇలాంటి యంత్రానికి పేటెంట్లు తీసుకున్నాడు. దాన్ని లోకానికి అలవాటు చేసింది మాత్రం ఆస్ట్రేలియాకు చెందిన క్లిఫర్డ్ హోవర్డ్. న్యూ సౌత్ వేల్స్‌లోని గిల్గాండ్రాలో 1912లో తండ్రి పొలంలోని ఆవిరి ట్రాక్టరు ఇంజను నుంచి శక్తి తీసుకుని గుండ్రటి పళ్లాలు తిప్పి చూశాడు. మట్టి పక్కలకు ఎగిరిపోవడంతో ఇంగ్లిషు ఎల్ అక్షరం ఆకారంలో వంచిన కత్తులు పెట్టాడు. ఇవాళ మన రోటవేటర్లకు ఉన్నవి ఆ కత్తులే. 1920లో పేటెంటు, 1922లో కంపెనీ, 1938లో ఇంగ్లండుకు మకాం. మామూలు దుక్కిలో బరువైన ట్రాక్టరు నేలను అణగదొక్కుతోందని, ఆ బాధ లేకుండా దున్నాలని అతని తాపత్రయం. అదే యంత్రం వందేళ్ల తరవాత నేల కింద గట్టిపొరకు కారణమవుతోందంటే వింతగా ఉంటుంది. మనకు పవర్ టిల్లర్ వచ్చింది జపాను దారిలో. బెంగళూరులో 1967లో మిత్సుబిషి సాంకేతికతతో వీఎస్‌టీ మొదలైంది, కేరళలో 1973లో కుబోటా సాంకేతికతతో కామ్‌కో వచ్చింది. జపానులో అది చిన్న చిన్న వరిమళ్లలో బురద చేయడానికి పెరిగిన యంత్రం. బురదలో దానికి తిరుగులేదు. మెట్ట చేలోకి, కూరగాయల తోటలోకి అదే యంత్రాన్ని దించినప్పుడే లెక్కలు మారతాయి.

మట్టి అంటే పొడి కాదు. ఇసుక, ఒండ్రు, బంకమన్ను రేణువులు వేళ్ల జిగురుతో, బూజు దారాలతో, వానపాముల విసర్జనతో అతుక్కుని చిన్న చిన్న రవ్వలుగా ఉంటాయి. రవ్వకూ రవ్వకూ మధ్య సందుల్లోంచే గాలి, నీరు, వేరు కిందికి దిగేది. వానపాములు నేలను నిదానంగా ఎలా తిరగేస్తాయో చార్లెస్ డార్విన్ 1881లో ఒక పుస్తకమే రాశాడు. మనిషి నాగలి పట్టక ముందు నుంచీ నేలను దున్నుతున్నవి అవేనన్నది ఆయన వాదం. కత్తులు ఒకసారి తిరిగితే ఈ రవ్వలు చీలతాయి, రెండుసార్లు తిరిగితే నలుగుతాయి, నాలుగోసారికి పిండి అవుతాయి. పిండి మీద పడ్డ మొదటి పెద్ద వాన సన్నటి రేణువులను సందుల్లోకి తోసి పైన పొర కట్టిస్తుంది. ఆ పొర కింద విత్తనం మొలిచి బయటికి రాలేదు. పైన నీరు ఇంకదు, పారుతుంది.

ఇంకొకటీ జరుగుతుంది. నేలను గుల్ల చేస్తే గాలి లోపలికి పోయి సూక్ష్మజీవులకు ప్రాణం లేచి వస్తుంది. అవి ఇన్నాళ్లుగా రవ్వల్లో దాగి ఉన్న సేంద్రియ పదార్థాన్ని తింటాయి, అందులోని నత్రజని పైరుకు అందుతుంది. అందుకే బీడు విప్పి టిల్లర్ తిప్పిన ఏడు కూరగాయలు నవనవలాడతాయి, యంత్రం మహిమ అని మనం అనుకుంటాం. విత్తనాల గాదె తీసి పండగ చేసుకోవడం లాంటిది అది. చలిదేశాల్లో ఈ ఖర్చు నిదానంగా సాగుతుంది. మన మే నెల వేడిలో, తడీ వేడీ కలిసే జూన్, జులై నెలల్లో చాలా వేగంగా అయిపోతుంది. టిల్లర్ తిప్పిన ప్రతి ఏడూ ఎరువు వెయ్యకపోతే రెండు మూడేళ్లలో అదే తోటలో మొక్క ఈసురోమంటుంది.

మూడో నష్టం కంటికి కనబడదు. కత్తి అడుగుభాగం ప్రతిసారీ ఒకే లోతులో నేలను రాస్తుంది. రోటవేటర్ సాధారణంగా నాలుగు నుంచి ఆరంగుళాలు దిగుతుంది. తడి ఎక్కువున్నప్పుడు తిప్పితే ఆ అడుగున మట్టి నున్నగా, మెరుస్తూ, అద్దినట్టు అయిపోతుంది. ఏటా అదే లోతు, పైగా ట్రాక్టరు బరువు. కొన్నేళ్లకు అక్కడ గట్టిపొర ఏర్పడుతుంది. పైన ఎంత మెత్తగా ఉన్నా వేరు ఆ పొర తగలగానే పక్కకు తిరుగుతుంది. వంగ మొక్కను పీకి చూస్తే తల్లివేరు కొడవలిలా వంగి ఉంటుంది.

ఇంతకీ ఎప్పుడు తిప్పాలి? దీనికి మన రైతుల దగ్గర ఉన్న జవాబు ప్రయోగశాలల్లో తేలినదానికి తీసిపోదు. అదునూ పదునూ చూడాలి. పిడికెడు మట్టిని దున్నే లోతు నుంచి తీసి గట్టిగా నొక్కాలి. ముద్ద కట్టి, బొటనవేలితో నొక్కగానే రవ్వలుగా విడిపోతే పదును ఉన్నట్టు. వేళ్ల మధ్య సాగి పట్టీలా వస్తే ఇంకా ఆగాలి. ముద్దే కట్టకపోతే నేల ఎండిపోయింది, కత్తి పడితే రాళ్లలాంటి పెళ్లలూ వాటి మధ్య దుమ్మూ వస్తాయి. శాస్త్రం చెప్పేదీ ఇదే: బంకమన్ను సాగడం మొదలయ్యే తేమకు కాస్త తక్కువలో దున్నితే నేల కావలసిన చోట పగులుతుంది. చిక్కేమిటంటే ఈ పదును ఇసుక నేలలో వారం ఉంటుంది, ఎర్రనేలలో కొద్ది రోజులు, నల్లరేగడిలో కొన్నిసార్లు ఒకటి రెండు రోజులే. ఎడ్లు ఇంట్లో ఉన్న రోజుల్లో పదును వచ్చిన పూట అరక కట్టేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టరు వచ్చిన రోజే పదును అనుకోవాలి. వాన పడగానే ఊరంతా ఒక్కసారి ఫోన్ చేస్తే, వరసలో ఏడోవాడి చేనుకు బండి వచ్చేసరికి పదును పోతుంది. అద్దె గంటల లెక్కన కాబట్టి డ్రైవరు వేగంగా తోలతాడు. పెళ్లలు లేవగానే రైతు ఇంకోసారి తిప్పమంటాడు. ఎక్కువసార్లు తిప్పడం చాలావరకు పదును తప్పినందుకు కట్టే జరిమానా.

నేలను బట్టి కథ మారిపోతుంది. నల్లరేగడి తనను తానే దున్నుకుంటుంది. వేసవిలో వెడల్పాటి పగుళ్లు, వానకు ఉబ్బు, మళ్లీ ఎండకు రవ్వలు. అలాంటి నేలలో యంత్రంతో మెత్తదనం తేవాలనుకోవడం వృథా ప్రయాస. 1972లో పటాన్‌చెరులో మొదలైన మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ నేలల మీద చాలా పని చేసింది. వానాకాలమంతా బీడుగా వదిలి, కలుపు రాకుండా మాటిమాటికీ గుంటక తోలి, చివర్లో జొన్నో శనగో వేసే పాత అలవాటుకు బదులుగా, రబీ పంట కోసిన వెంటనే నేలలో కాస్త తడి ఉండగానే దున్నమన్నారు. ఒకటిన్నర మీటరు వెడల్పున ఎత్తు మడులు, మధ్యలో కాలువలు చెయ్యమన్నారు. తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తమన్నారు. మడి మారదు, ఏటా దాని మీద పైపైనే సేద్యం, చక్రాలూ ఎడ్లూ నడిచేది కాలువల్లోనే. వాళ్ల పొలంలో రెండు పంటలు పండాయి. ఊళ్లలోకి మాత్రం అనుకున్నంతగా పోలేదు. పనిముట్టు ఖరీదు, మురుగు కాలువ పక్కవాడి చేలోంచి పోవాల్సి రావడం లాంటి ఇబ్బందులు అడ్డొచ్చాయి. ఆ ఆలోచనలో పెరటి తోటకు పనికొచ్చే ముక్క ఒకటుంది. నడిచే చోటు, నాటే చోటు శాశ్వతంగా విడదీస్తే ఏటా తోటంతా దున్నాల్సిన పనే ఉండదు.

ఎర్రనేలల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. తెలంగాణ చల్కలు, అనంతపురం వేరుశనగ చేలు ఎండితే ఇటుకలా బిగుస్తాయి. వీటికి పగుళ్లు రావు, తమంతట తాము గుల్లబారవు. సేంద్రియ పదార్థం తక్కువ. ఇక్కడ దున్నకుండా ఊరుకుంటే మేలన్న మాట నిలబడదు. 1980ల చివర్లో ఇక్రిశాట్ ఇలాంటి ఎర్రనేలలోనే ఒక దీర్ఘకాల ప్రయోగం మొదలుపెట్టింది. దున్నని మడులు, పది సెంటీమీటర్లు దున్నినవి, ఇరవై దున్నినవి. ఒక్కోదానిలో కొన్ని ఏ కప్పూ లేనివి, కొన్ని పశువుల ఎరువు వేసినవి, కొన్ని వరిగడ్డి పరిచినవి. నీరు పారిపోకుండా ఆపడంలో దున్నిన లోతు కంటే పైన పరిచిన గడ్డికే ఎక్కువ పాత్ర ఉందని తేలింది. దున్నిన మేలు మొదటి కొన్ని వానలదాకానే, ఆ తరవాత నేల మళ్లీ పొర కట్టేసింది. కాబట్టి ఎర్రనేల రైతుకు టిల్లర్ కావాలి, కానీ పిండి చెయ్యకూడదు. గోలీకాయంత పెళ్లలు మిగిలితే వాన దెబ్బను అవి తట్టుకుంటాయి. బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అక్కడ నేల ఎప్పుడూ గుల్లే, తిప్పిన కొద్దీ ఉన్న కాస్త సారం హరించుకుపోతుంది.

కలుపు దగ్గర టిల్లర్ రెండు నాలుకలతో మాట్లాడుతుంది. ఏడాది బతికే మెత్తటి కలుపును చంపడంలో దానికి సాటి లేదు. తుంగ, గరిక అలా కాదు. తుంగకు నేల లోపల గొలుసులా గడ్డలుంటాయి. గొలుసు చెక్కుచెదరకుండా ఉన్నన్నాళ్లూ చివరి గడ్డే మొలుస్తుంది, మిగతావి నిద్రపోతాయి. కత్తి గొలుసును ముక్కలు చేస్తే ప్రతి గడ్డా స్వతంత్రమై మొలకెత్తుతుంది. జులై తడిలో తుంగ పట్టిన జాగాలో టిల్లర్ తిప్పడమంటే తుంగను నాటడమే. గరిక కాండాల ముక్కలూ అంతే. ఇదే పని ఏప్రిల్, మే నెలల్లో చేస్తే ఫలితం తలకిందులవుతుంది. పైకి వచ్చిన గడ్డలు ఎండకు ఎండి చస్తాయి, మట్టిలో దాగిన పురుగుల కోశస్థ దశలు కొంగలకూ కాకులకూ దొరుకుతాయి. వేసవి దుక్కులు చెయ్యమని వ్యవసాయ శాఖ ఏటా చెప్పేది ఇందుకే. అయితే లోతైన వేసవి దుక్కికి నాగలే సరైనది. పెళ్లలు పెద్దవిగా లేచి ఎండను లోపలికి పోనిస్తాయి. రోటవేటర్ పిండి చేసి పోతుంది, ఈదురుగాలికి ఆ పిండి లేచిపోతుంది. కలుపు విత్తనాల విషయంలో ఇంకో చిక్కు. కింద చీకట్లో నిద్రపోతున్న గింజలను పైకి తెచ్చి వెలుతురు చూపిస్తే అవి మొలుస్తాయి. దానికి మంచి ఉపాయం ఉంది. మడి సిద్ధం చేసి నీళ్లు పెట్టి రెండు వారాలు ఊరకే వదిలెయ్యాలి. మొలిచిన కలుపును అంగుళం లోతున గీకేసి అప్పుడు నారు నాటాలి. ఈ గీకుడుకు మళ్లీ టిల్లర్ తిప్పితే పడ్డ శ్రమంతా బూడిదలో పోసినట్టే, కింద ఉన్న కొత్త గింజలు పైకొస్తాయి.

అయితే దున్నడమే మానేస్తే? ఈ వాదానికి వయసు ఎనభై ఏళ్లు దాటింది. అమెరికాలో ఎడ్వర్డ్ ఫాక్నర్ 1943లో నాగలినే దోషిగా నిలబెడుతూ పుస్తకం రాసి దుమారం లేపాడు. జపానులో మసనోబు ఫుకుఓకా 1975లో రాసిన పుస్తకం ‘గడ్డిపరకతో విప్లవం’గా తెలుగులోకీ వచ్చింది. ఆయన దున్నలేదు సరే, గడ్డినంతా తిరిగి చేలోనే పరిచాడు, తెల్ల క్లోవర్‌ను నేలకు కప్పుగా పెంచాడు. మన దగ్గర ఆయన పేరు చెప్పేవాళ్లలో చాలామంది దున్నకపోవడం గుర్తుపెట్టుకుని పరవడం మర్చిపోతారు. ఇంగ్లండులో చార్లెస్ డౌడింగ్ ఏళ్ల తరబడి తవ్విన మడిని, తవ్వకుండా కంపోస్టు పరిచిన మడిని పక్కపక్కనే పెట్టి పండించి లెక్కలు రాస్తున్నాడు. తవ్వని మడే కాస్త ముందుంటోంది. అది చల్లటి దేశం, అంత కంపోస్టు కొని తెచ్చుకోగల తోట అన్నది మరవకూడదు.

పెద్ద ఎత్తున చూస్తే 2015లో నేచర్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ఒకటుంది. 63 దేశాల్లో, 48 పంటల మీద జరిగిన 610 అధ్యయనాలను, 5,463 పోలికలను ఒకచోట చేర్చారు. దున్నడం మానెయ్యడం ఒక్కటే చేస్తే మొత్తం మీద దిగుబడి తగ్గింది. దానికి పంట వ్యర్థాలు పరవడం, పంట మార్పిడి తోడైతే ఆ నష్టం చాలా తగ్గింది. ఎండ ప్రాంతపు వర్షాధార సేద్యంలో అయితే మూడూ కలిసినప్పుడు లాభమే కనిపించింది. మన రాయలసీమకు, పాలమూరుకు పనికొచ్చే ముక్క ఈ చివరిది. అయితే పరచడానికి గడ్డి ఎక్కడుంది? వేరుశనగ కట్టె, జొన్న చొప్ప అంతా పశువుల నోటికే చాలదు. పరిచేది లేనప్పుడు దున్నకుండా ఉండటం ఎర్రనేలకు శిక్ష.

చిత్రంగా, దున్నని సేద్యం తెలుగు నేలకు కొత్త కాదు. దానికి పుస్తకాలూ అక్కర్లేకపోయాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ చేలోనే మినుము, పెసర చల్లుతారు. వరి కోసేసరికి గింజ నానుతుంది. మిగిలిన తడితోనే పంట చేతికొస్తుంది, అరక ముట్టదు, నీరు ముట్టదు. దీని వెనకున్న అవసరం గమనించదగ్గది. వరి కోసం దమ్ము చేసినప్పుడు మనం కావాలనే నేల రవ్వల్ని చంపుతాం, నీరు నిలవడానికి కింద గట్టిపొర కావాలనే తెస్తాం. కోత తరవాత ఆ నేల ఎండితే సిమెంటు, తడిగా ఉంటే జిగురు. దాన్ని దున్ని మెత్తగా చేసేలోపు తడి కాస్తా పోతుంది. అందుకే దున్నకపోవడమే తెలివి. ఒకే చేలో ఆరు నెలలు అతిగా దున్నడం, ఆరు నెలలు అసలు దున్నకపోవడం రెండూ సబబే అయ్యాయి. దున్నడం మంచిదా చెడ్డదా అని గిరిగీసి వాదించేవాళ్లను ఆ చేను గట్టు మీద నిలబెట్టాలి.

మినుముకు పల్లాకు తెగులు, బంగారుతీగ ఎక్కువయ్యాక గుంటూరు, కృష్ణా డెల్టాల్లో చాలామంది అదే పద్ధతిని మొక్కజొన్నకు మార్చుకున్నారు. వరి కోశాక తాడు పట్టి, కర్రతో గుంత చేసి, గింజ వేసి మూయడమే. దుక్కి ఖర్చు మిగిలింది, పదిహేను ఇరవై రోజుల కాలం కలిసొచ్చింది. కానీ దుక్కి చేసే కలుపు పని మందుకు అప్పగించాల్సి వచ్చింది. కోసిన చేలో పారాక్వాట్, మొలవకముందు అట్రజిన్. పారాక్వాట్ మింగినవాడికి విరుగుడు లేదు. ఆ డబ్బా ఇంటి చూరు కింద ఉండటం వల్ల పోయిన ప్రాణాల లెక్క దున్నని సేద్యపు ఖర్చులో ఎవరూ వెయ్యరు. ప్రపంచమంతటా ఈ పద్ధతి 1960ల నుంచి విస్తరించింది కలుపు మందుల భుజాల మీదే. ఆ మందుల్లో ఒకటైన గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని 2022లో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. నా మటుకు పెరటి తోటలో మందు కొట్టి దున్నకుండా ఉండటం కంటే ఏడాదికోసారి టిల్లర్ తిప్పడమే నయం.

మందు లేకుండా దున్నని సేద్యం దారిలో నడవాలని చూస్తున్నది ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం. 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ఈ కార్యక్రమంలో తొలకరికి ముందే పొడి నేలలో నవధాన్యాలు, చిరుధాన్యాలు, పప్పు గింజలు కలిపి, మట్టీ బూడిదా పట్టించి చల్లుతారు. ఏడాది పొడుగునా నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉండాలి, దున్నడం వీలైనంత తగ్గాలి అన్నది సూత్రం. 2024లో దీనికి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. ఆ బహుమతిని పంచుకున్నవాళ్లలో రత్తన్ లాల్ ఒకరు. పంజాబులో చదువుకుని, 1970లలో నైజీరియాలోని ఇబాదాన్‌లో వేడి దేశాల నేలల మీద దున్నని సేద్యాన్ని పరీక్షించిన శాస్త్రవేత్త ఆయన. ఆ శాస్త్రవేత్తనూ ఈ కార్యక్రమాన్నీ ఒకే వేదిక మీద చూడటం బాగానే ఉంది. కాకపోతే చల్లిన గింజలు మొలవడానికి వేసవిలో ఒకటి రెండు జల్లులైనా పడాలి, మొలిచింది పక్కవాడి మేకలకు దక్కకుండా ఉండాలి. మొదటిది ఎవరి చేతిలోనూ లేదు, రెండోది ఊరంతా కలిస్తే తప్ప కుదరదు.

ఇక యంత్రం చేతిలో ఉన్న మనిషి ఏం చెయ్యాలి? కొత్త జాగా అయితే ముందు రాళ్లు, తీగలు, ప్లాస్టిక్ ఏరి, ఎండు గడ్డి కోసెయ్యాలి. పదును చూసుకుని మొదటిసారి మూడంగుళాలకు మించి దించకూడదు. ముందు కత్తులుండే చిన్న యంత్రాల్లో కత్తులే చక్రాలు కూడా. వెనక దిగే ఇనప కడ్డీని నేలలోకి నొక్కితే బండి ఆగి లోతు తవ్వుతుంది, ఎత్తితే ముందుకు పరిగెడుతుంది. చేతులతో తోయడం కాదు, ఆ కడ్డీతో ఆపుకోవడమే పని. వెనక కత్తుల యంత్రానికి విడిగా చక్రాలుంటాయి కాబట్టి గట్టి నేలలో ఒళ్లు హూనం కాదు. మొదటి విడత అయ్యాక పైకొచ్చిన గరిక, తుంగ దంతెతో లాగి గట్టు మీద ఎండేసి, మాగిన పశువుల ఎరువు పరిచి, అడ్డంగా రెండోసారి నాలుగంగుళాలు. అక్కడితో ఆపాలి. మూడోసారి తిప్పాలనిపిస్తే అది కంటికి ఇంపుగా ఉండటం కోసమే. తరవాత మడులు తీర్చి, నడిచే దారి వేరు చేసి, పైన ఆకులో గడ్డో పరిస్తే వచ్చే ఏడు ఆ మడికి పలుగూ పారా చాలు. జీలుగ, జనుము, పిల్లిపెసర పెంచి పూత దశలో నేలలో కలిపే పనికి మాత్రం టిల్లర్‌ను మించింది లేదు. కోత మిషను వదిలిన కొయ్యకాళ్లను తగలబెట్టకుండా సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నడానికీ అంతే. ఈ రెండు పనులకే వాడినా కొన్న డబ్బు దండగ కాదు.

మామిడి, బత్తాయి, నిమ్మ తోటల్లో మాత్రం చెట్ల పాదుల దగ్గరికి దాన్ని పోనివ్వకూడదు. పోషకాలు పీల్చే సన్న వేళ్లు పైనే ఉంటాయి. కత్తి వాటిని తెంపితే చెట్టు అంత త్వరగా తేరుకోదు, ఆ గాయాల్లోంచే వేరుకుళ్లు మొదలవుతుంది. సాళ్ల మధ్య పైపైన తిప్పుకోవచ్చు.

యంత్రం ఒంటి మీద చేసే పని గురించి మనవాళ్లు అసలు మాట్లాడరు. పెద్ద పవర్ టిల్లర్‌ను మడి చివర తిప్పడానికి భుజబలం కావాలి. గంటల తరబడి పిడి అదురుకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కలుపు తీసేది ఆడవాళ్లు, ఆ పని చేసే యంత్రమేమో మగవాడి ఎత్తుకూ బలానికీ చేసింది. అందుకే అది వచ్చిన చోట ఆడవాళ్ల కూలి పోతుంది కానీ పిడి వాళ్ల చేతికి రాదు. కత్తుల్లో గడ్డి చుట్టుకున్నప్పుడు ఇంజను ఆపకుండా చెయ్యి పెట్టకూడదు. పంచె, చున్నీ, వదులు చీర కొంగు దాని దగ్గరకు రాకూడదు. రివర్సులో వెనక్కి నడిచేటప్పుడు కాలు జారితే కత్తులు మీదికొస్తాయి.

సబ్సిడీల సంగతి. 2014–15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం కింద రైతు వర్గాన్ని బట్టి 40 నుంచి 50 శాతం దాకా రాయితీ ఉంది. అద్దె కేంద్రాలకూ సాయం ఉంది. ఈ పథకాలు లెక్కపెట్టేది ఎన్ని యంత్రాలు పంచామన్నదే. గుంటకకో, కప్పుపంట విత్తనానికో, గట్టిపొరను పగలదీసే సబ్‌సాయిలర్ ఊరికొకటి ఉందా లేదా అన్నదానికో అంత శ్రద్ధ కనిపించదు. ట్రాక్టరుతో పాటు రోటవేటర్ కొన్నవాడు వాయిదాలు కట్టాలి కాబట్టి దాన్ని తిప్పడానికే చూస్తాడు, అక్కర ఉన్నా లేకపోయినా.

టిల్లర్ మాట్లాడుకునే ముందు చెయ్యదగ్గ పని ఒకటుంది, దానికి ఖర్చు లేదు. మంచి వాన పడ్డ రెండు రోజులకు పెన్సిలంత లావు ఇనప చువ్వ ఒకటి తీసుకుని తోటలో పదిచోట్ల నేలలోకి నొక్కాలి. అడుగు దాకా సాఫీగా దిగితే ఆ నేలకు టిల్లర్ తప్పనిసరి కాదు, పైన కలుపు గీకి నాటుకోవచ్చు. మూడంగుళాలకే ఆగితే పైపొర బిగిసింది, ఒకటి రెండు విడతలు తిప్పితే పని జరుగుతుంది. ఐదారంగుళాలు మెత్తగా దిగి అక్కడ టక్కున ఆగిందంటే అది పాత టిల్లరో ట్రాక్టరో చేసిన పొర. దాని మీద మళ్లీ టిల్లర్ తిప్పితే ఆ పొర ఇంకాస్త నున్నబడుతుంది. పొలమైతే వేసవిలో నేల బాగా ఎండినప్పుడు సబ్‌సాయిలర్, లేదా లోతుకు వేరు దించే కంది. పెరడైతే గడ్డపార.